వెనక్కి తీసుకున్న పిలుపు

వరుణ్ ఫోను చేసినప్పుడు నేను వంటింట్లో చేపలు కడుగుతున్నాను. చేతులు నీచుగా ఉన్నాయని నా భార్య అప్పలమ్మ రిసీవరు నా చెవికి ఆనించి పట్టుకుంది.

"అంకుల్, ఆదివారం మధ్యాహ్నం మన బ్రాంచి మీటింగ్. కన్వెన్షన్ కాల్స్ గురించి. మీలాంటి సీనియర్లు రాకపోతే కోరం కూడా ఉండదు. తప్పకుండా రావాలి."

"కాల్సా?" అన్నాను.

"అదే అంకుల్, పిలుపులు. రాజ్యాంగ సమావేశం పిలుపులు. ఈసారి తేల్చేస్తాం."

"సరే" అన్నాను. పెట్టేశాడు.

"ఏటంట?" అంది అప్పలమ్మ.

"పిలుపులంట. తేల్చేస్తారంట."

ఆమె రిసీవరు చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. "మరైతే అప్పయ్యకి సెప్పాల గదా" అంది.

మాది తెలుగు బంధు సభ. సింగపూరు మొత్తానికి తొమ్మిది శాఖలు. మాది వుడ్‌ల్యాండ్స్ శాఖ. ఈ దేశంలో నలుగురు కలిసి ఒక సంఘం పెట్టుకోవాలంటే కాన్‌స్టిట్యూషన్ అని ఒకటి రాసి సర్కారుకి ఇవ్వాలి. మొదట్లో దాన్ని తెలుగు చేసినవారెవరో రాజ్యాంగం అనేశారు. అప్పటినుంచి మాకూ ఒక రాజ్యాంగం ఉంది. దాన్ని మార్చాలంటే రాజ్యాంగ సమావేశం జరగాలి. అది జరగాలంటే ఆరు శాఖలు పిలుపు ఇవ్వాలి. ఒకసారి తీర్మానం చేసి పై కమిటీకి పంపితే ఆ పిలుపు అలాగే నిలిచి ఉంటుంది. ఎన్నేళ్ళయినా సరే.

ఆ రాజ్యాంగంలో పద్నాలుగో నియమం ఒకటి. వర్క్ పర్మిట్ మీద వచ్చినవాళ్ళు సభలో సభ్యులు కారు, అతిథులు. ఉగాదికి రావచ్చు, తినవచ్చు, కుర్చీలు మోయవచ్చు. ఓటు లేదు. వాళ్ళు పోతే పేరు పిలవరు.

పేరు పిలవడం అంటే చెప్పాలి. ఉగాది ముందు రోజు కొత్తమాస. శ్రీకాకుళం వైపు మాకు అది పెద్దలను తలుచుకునే రోజు. ఆ ఏడాది పోయిన సభ్యుల పేర్లు ఆ రోజు మా హాల్లో ఒక్కొక్కటే పిలుస్తారు. పేరు పిలవగానే ఆ మనిషి తాలూకు వాళ్ళు లేచి "ఉన్నాం" అంటారు. అంతే. మంత్రం ఏమీ లేదు. ఇది దేశం నుంచి వచ్చిన ఆచారం కాదు. సెంబవాంగ్ నేవల్ బేస్‌లో తెల్లవాళ్ళున్న కాలంలో పొద్దున్నే మండోరు, అంటే మా మేస్త్రీ, వరసగా పేర్లు పిలిచేవాడు. ఒక రోజు, ముందురోజు ఆస్పత్రిలో పోయిన మనిషి పేరు, ఆ సంగతి తెలియక, పిలిచేశాడు. ఎవరూ నోరెత్తలేదు. వాడితో ఒకే గదిలో ఉన్నవాడు కాసేపాగి "ఉన్నాం" అన్నాడు. మండోరు తలెత్తి చూసి తరవాతి పేరుకి పోయాడు. నేను ఆ వరసలో ఉన్నాను. అప్పటినుంచి మేం అలా చేస్తూ వచ్చాం. తరవాత సభ పుట్టింది. ఆచారం సభలోకి వచ్చింది.

అప్పయ్య క్రాంజీలో పర్మిట్ కూలీల డార్మిటరీలో ఉంటాడు. టెక్కలి పక్క. అప్పలమ్మ పుట్టిన ఊరికి రెండు ఊళ్ళ అవతల. అంత మాత్రానికే ఆమె వాడిని మేనల్లుడు చేసేసుకుంది. ఆదివారాలు వచ్చి చేపల పులుసు తిని పోయేవాడు. వెంట తమ్ముడు తిరుమలేష్‌ని తెచ్చేవాడు. ఆ పిల్లాడు తినేటప్పుడు మాట్లాడేవాడు, మాట్లాడేటప్పుడు తినేవాడు. "అత్తా, ఈ పులుసు పట్టుకెల్లి మా సూపర్‌వైజర్‌కి పోస్తే ఆడు నాకు కొండ మీద కుర్సీ ఏస్తాడు" అనేవాడు.

కంప్యూటర్ కంపెనీల కోసం కడుతున్న భవనం మీదనుంచి పోయిన దసరాలకి తిరుమలేష్ పడిపోయాడు. శవాన్ని విమానంలో పంపించారు. అప్పయ్యని పంపలేదు. వెళితే పర్మిట్ పోతుందన్నారు. ఎయిర్‌పోర్టు సరుకుల గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. ఊళ్ళో దహనమూ దినమూ వాడు లేకుండానే అయిపోయాయి.

తరవాత చాలా ఆదివారాలు వాడు మా ఇంటికి వచ్చి మాట్లాడకుండా తినిపోయాడు. ఒకసారి చెయ్యి కడుక్కుంటూ అడిగాడు.

"మావా, కొత్తమాసకి పేర్లు పిలుస్తారంట గదా. మా ఓడి పేరు పిలుస్తారా?"

నేను తువాలు అందించాను.

"ఒక్కపాలి పిలిస్తే సాలు. నాను లెగిసి ఉన్నావంటాను. నాకు ఇంకేటీ అక్కర్లేదు." తువాలు తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. "మే నెలతో నా పర్మిట్ అయిపోద్ది. ఇంక రాను. ఈ ఒక్క కొత్తమాసే."

అప్పటికి పద్నాలుగో నియమం మార్చాలని మా శాఖ పిలుపు ఇచ్చి రెండేళ్ళు. మొత్తం అయిదు శాఖలు ఇచ్చాయి. జనవరిలో యీషున్ శాఖ ఆరోది ఇచ్చింది. ఆ సంగతి మార్కెట్లో కరివేపాకు దగ్గర ఎవరో చెప్పారు. ఆరయితే సమావేశం పిలవాల్సిందే. పిలవకుండా ఉండే వీలు రాజ్యాంగంలో లేదు. ఆ తరవాతే వరుణ్ ఫోను.

అందుకని అప్పలమ్మ అన్న మాట నాకు సబబుగానే తోచింది. పిలుపులు తేల్చేస్తామన్నారు. ఆరు అయ్యాయి. మరి పిలవాల్సినవాళ్ళను పిలవాలి గదా.

ఆమె బియ్యం తీసి పసుపు, నెయ్యి చుక్క వేసి కలిపింది. పోయిన ఏడాది క్యాలెండరు కాగితాలు చింపి పొట్లాలు కట్టింది.

"నోటితో సెప్తే సాలదా?" అన్నాను.

"సాలదు. పిలుపంటే పచ్చటి గింజ సేతిలో పడాల. లేకపోతే అది కబురు, పిలుపు కాదు."

శనివారం సాయంత్రం బస్సెక్కి క్రాంజీ వెళ్ళాను. డార్మిటరీ ముందు తీగల మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. మనవాళ్ళు ఓ పదిమంది గోడ నీడన కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచారు. నేను ఒక్కొక్కడి చేతిలో పొట్లం పెట్టి, "రేపు మధ్యాహ్నం వుడ్‌ల్యాండ్స్‌లో సభ. రాజ్యాంగ సమావేశం గురించి. రండి" అన్నాను.

బాలు అనే కుర్రాడు పొట్లం విప్పి చూసి, "రాజ్యాంగవేటి మావా! మన దేశానికుంటాది రాజ్యాంగం. ఇక్కడ పులిహోర కమిటీకి కూడా ఉంటాదేటి?" అన్నాడు.

అందరూ నవ్వారు.

"ఓట్లు కూడా ఉంటాయా?" అని ఇంకొకడు.

"మార్చాక ఉంటాయి" అన్నాను.

"నానయితే బిరియానీ పెట్టినోడికే ఏస్తాను" అన్నాడు బాలు. "సమోసా పెట్టినోడికి ఆలోసించి ఏస్తాను."

అప్పయ్య నవ్వలేదు. పొట్లం విప్పలేదు. చొక్కా జేబులో పెట్టుకుని గుండీ వేసుకున్నాడు.

"మమ్మల్ని పిలవమన్నారా మావా?"

"పిలుపులన్నారు."

"అక్షింతలతో పిలిస్తే రాకుండా ఎలాగుంటాం" అన్నాడు. రేపు ఓవర్‌టైముకి రాలేమని సూపర్‌వైజర్‌కి చెప్పడానికి లోపలికి వెళ్ళాడు.

*

మా బ్లాకు కింద ఖాళీ జాగాలో మీటింగు. కుర్చీలు రెండు వరసలు వేశారు. ప్రతి కుర్చీ మీద ఒక టిష్యూ పాకెట్ ఉంది. ఇక్కడ అది అలవాటు. హాకర్ సెంటర్లో, అంటే తిండి కొట్ల దగ్గర, బల్ల మీద టిష్యూ పాకెట్ పెడితే ఆ చోటు పట్టుకున్నట్టు, చోప్ చేసినట్టు. సభ్యులు ముందే వచ్చి చోప్ చేసి పైకి వెళ్ళారు. కొంతమంది తిరిగి వచ్చారు, కొంతమంది రాలేదు.

క్రాంజీవాళ్ళు చెప్పిన టైముకంటే ముందే వచ్చారు. ఇస్త్రీ చొక్కాలు. తలకి నూనె. టిష్యూ పాకెట్లు చూసి ఎవరూ కూర్చోలేదు. వెనక స్తంభాల దగ్గర నిలబడ్డారు.

వరుణ్ కంప్యూటర్ ఇంజనీరు. ముప్ఫై దాటలేదు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని జనాన్ని భయపెట్టిన ఏడాది వచ్చాడు, అవి ఆగలేదు, ఇతను ఉండిపోయాడు. శాఖ అధ్యక్షుడై ఏడాది. మంచివాడు. నా మోకాలి నొప్పికి ఇండియానుంచి తైలం తెప్పించి ఇచ్చాడు. వెనక నిలబడ్డవాళ్ళను చూసి నా దగ్గరికి వచ్చాడు.

"అంకుల్, వీళ్ళంతా..."

"పిలిచాను."

"ఎవరు పిలవమన్నారంకుల్?"

"నువ్వే గదా బాబూ. పిలుపులన్నావు."

అతను కార్యదర్శి సీతారామారావుగారి వైపు చూశాడు. సీతారామారావుగారు బ్యాంకులో పెద్ద ఉద్యోగి. రాజ్యాంగం ఆయనకు కంఠతా. ఆయన నా పక్కకి వచ్చి గొంతు తగ్గించారు.

"వీరాస్వామిగారూ, పిలుపు అంటే ఆ పిలుపు కాదండీ. బొట్టు పెట్టి పిలిచే పిలుపు కాదు. ఇది తీర్మానం. ఇవాళ మనం కూర్చున్నది వాటిని ఉపసంహరించడానికి."

ఆ మాట నాకు అందలేదు. ముఖం చూసి ఆయనకే తెలిసింది.

"వెనక్కి తీసుకోవడానికండీ."

"పిలుపు వెనక్కి తీసుకుంటారా?"

"తీసుకోవచ్చు. రాజ్యాంగంలో ఉంది. పై కమిటీ కూడా అదే మంచిదంది. మన శాఖ తీసుకుంటే ఆరు కాస్తా అయిదవుతాయి. సమావేశం అక్కర్లేదు."

నేను వెనక్కి చూశాను. బాలు మెడ చాచి సమోసాల ట్రే ఎక్కడుందో వెతుకుతున్నాడు. అప్పయ్య నన్నే చూస్తున్నాడు.

వాళ్ళను అప్పుడే వెళ్ళిపొమ్మని చెప్పాల్సింది. ఎలా చెప్పాలో తెలియక ఒక కుర్చీ మీద టిష్యూ పాకెట్ తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

సీతారామారావుగారు లేచారు. ముందు ఇంగ్లీషులో చెప్పి తరవాత తెలుగులో చెప్పారు.

"రాజ్యాంగ సమావేశం అంటే తలుపు తియ్యడం. ఎవరికోసం తీశామో వాళ్ళే వస్తారని లేదు. పద్నాలుగో నియమం ఒక్కటే మార్చి లేచిపోతారని హామీ ఎవరిస్తారు? ఒకసారి కూర్చున్నాక దేన్నైనా మార్చవచ్చు. సభ పేరు మార్చవచ్చు. టాంపినీస్ శాఖ విడిపోవచ్చు. సభనే ఎత్తేయవచ్చు. ఇక ఓట్లంటారా, పర్మిట్ మీద ఉన్నవాళ్ళు మనకి పదింతలు. రేపు పొద్దున్న..." అని స్తంభాల వైపు చూసి ఆగారు. "మిమ్మల్ని అనడం లేదయ్యా. లెక్క చెబుతున్నాను."

"అనండి బాబూ, పరవాలేదు" అన్నాడు బాలు వెనకనుంచి. "మేం అతిథులం. అతిథిని ఏటన్నా దేవుణ్ణన్నట్టే."

ఒకరిద్దరు నవ్వారు. సుచిత్ర అనే అమ్మాయి, ఆమె కూడా కంప్యూటర్ ఉద్యోగమే, ట్రే పట్టుకుని వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. "తీసుకోండి, వేడిగా ఉన్నాయి" అంది. వాళ్ళు ఒక్కొక్కటి తీసుకుని తినకుండా పట్టుకున్నారు.

సీతారామారావుగారు వెనక్కి తీసుకోవాల్సిన పిలుపులు చదివారు. మా శాఖవి మొత్తం మూడున్నాయట. నాకు ఒకటే గుర్తు. ఆయన మొదటిది చదివారు.

"డాక్‌యార్డులో పనిచేసిన ఆంధ్రులకు ఈ దేశ పౌరసత్వం లేనప్పటికీ సభ్యత్వం ఇవ్వవలెనని."

తెల్లవాళ్ళు బేస్ వదిలి వెళ్ళిపోయిన తరవాత రోజులవి. మాలో చాలామందికి పౌరసత్వం లేదు. నాకూ లేదు. మాకోసం ఇచ్చిన పిలుపు అది. అప్పటి పెద్దలు సమావేశం దాకా పోకుండానే మమ్మల్ని చేర్చుకున్నారు. ఆ పిలుపు మాత్రం కాగితాల్లో ఉండిపోయిందన్నమాట.

"అది కూడానా?" అన్నాను.

"అది ఎప్పుడో తీరిపోయింది కదండీ. పాతవి ఉంచితే రేపు ఎవరో వాటిని కలిపి లెక్కపెడతారు. అన్నీ ఒకేసారి తీసేస్తే శుభ్రంగా ఉంటుంది."

"అయితే నేను?"

అందరూ నవ్వారు. వరుణ్ కూడా నవ్వాడు. "మీరెక్కడికీ పోరంకుల్. మీరు మాకు ఫౌండేషన్."

నేను హాస్యానికి అడగలేదు. కానీ ఇంకోసారి అడగలేదు.

"ఎవరైనా మాట్లాడతారా?" అన్నాడు వరుణ్.

నేను లేచాను. సభలో నేను లేచి మాట్లాడింది లేదు. ఎప్పుడూ చెయ్యెత్తి దించడమే.

"ఒక పేరు" అన్నాను.

"ఏమిటంకుల్?"

"తిరుమలేష్. ఆ ఒక్క పేరు పిలవండి. రాజ్యాంగం అక్కర్లేదు."

వరుణ్ తల దించుకున్నాడు. సీతారామారావుగారు మెత్తగానే చెప్పారు. "నియమం అలా ఉండగా ఎలా పిలుస్తామండీ? సభ్యుల పేర్లు మాత్రమే. పిలవాలంటే నియమం మార్చాలి."

"మార్చడానికే గదా పిలుపు."

"ఆ పిలుపే ప్రమాదం అంటున్నాం కదా."

"అయితే మార్చకుండా పిలవండి."

"నియమం ఉండగా ఎలా పిలుస్తామండీ?"

గానుగ చుట్టూ తిరిగి మొదటికే వచ్చాం. కూర్చున్నాను.

"మధ్యస్థంగా ఒకటి చేద్దాం" అన్నాడు వరుణ్. అతనికి నిజంగానే ఇబ్బందిగా ఉంది. చెమట పట్టింది. "కొత్తమాస రోజు పేర్లన్నీ అయ్యాక, మన మధ్య లేని శ్రమజీవులందరి కోసం ఒక నిమిషం మౌనం పాటిద్దాం. పేరు లేకుండా. దానికి ఏ నియమమూ అడ్డు రాదు. ఏమంటారు అంకుల్? అప్పయ్యా, మీరేమంటారు?"

"అతిథులు మాట్లాడకూడదు" అన్నారు సీతారామారావుగారు.

"ఒక్క నిమిషం సార్. చెప్పనివ్వండి."

అప్పయ్య సమోసా పక్కవాడి చేతిలో పెట్టాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఒక అడుగు ముందుకి వేశాడు.

"బాబూ, పేరు సెప్పకండా పిలిస్తే ఆడికెలాగ తెలుస్తాది, ఆణ్ణే పిలిసినారని?"

పైన ఏదో అంతస్తులో బట్టలు ఆరేసే వెదురు గడ గోడకి తగిలి చప్పుడైంది.

"నాను లెగిసి ఉన్నావనాల గదా" అన్నాడు. "దేనికనాల?"

"వచ్చే ఏడాది మళ్ళీ చూద్దామండీ" అన్నాడు వరుణ్.

"వచ్చే ఏడాది నానుండను బాబూ."

చేతులెత్తమన్నారు. వెనక్కి తీసుకుందామనేవాళ్ళ చేతులు లేచాయి. కుర్చీల్లో ఉన్న అందరివీ దాదాపు. వద్దనేవాళ్ళు అన్నప్పుడు నేను ఎత్తాను. సుచిత్ర చెయ్యి సగం లేచింది. అంతలో ఆమె చిన్న కొడుకు చట్నీ ఒంటి మీద ఒలకబోసుకుని ఏడ్చాడు. ఆ చెయ్యి వాడి వైపు పోయింది. మళ్ళీ లేవలేదు. నా చెయ్యి ఒక్కటే ఉంది. నేను దించకముందే సీతారామారావుగారు రాసేసుకున్నారు.

"తీర్మానం నెగ్గింది. మూడు పిలుపులూ ఉపసంహరించబడ్డాయి" అన్నారు. చప్పట్లు వచ్చాయి. స్తంభాల దగ్గర కూడా ఒకడు అలవాటుగా రెండు చరిచి ఆపేశాడు.

*

బస్ స్టాప్ దాకా వాళ్ళతో నడిచాను. ఎండ తగ్గలేదు. బాలు కొంతసేపు ఊరుకుని, తరవాత ఊరుకోలేక, "మావా, ఇంత బతుకూ బతికి ఓ సమోసాకి ఓవర్‌టైమ్ వొదిలేసినాం" అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి రోడ్డు చూస్తూ నిలబడ్డాడు.

"నాకు తెలియలేదురా" అన్నాను.

"నీకేటి తెలుస్తాది మావా" అన్నాడు అప్పయ్య. కోపంగా అనలేదు. నిజంగానే అన్నాడు.

బస్సు దూరంగా కనిపించింది. అప్పయ్య చొక్కా జేబు గుండీ తీసి పొట్లం బయటికి తీశాడు. విప్పలేదు, అప్పలమ్మ కట్టినట్టే ఉంది. నా చేతిలో పెట్టాడు.

"ఇదేంట్రా?"

"పిలుపు ఎనక్కి తీసేసుకున్నారు గదా మావా. పిలుపు లేకండా ఇయ్యి మా కాడ ఉండకూడదు."

"ఉంచుకో."

"ఏటని ఉంచుకోను?"

మిగతావాళ్ళు వాడిని చూశారు. ఒక్కొక్కడే జేబులు తడుముకుని పొట్లాలు తీశారు. బాలుది విప్పిన పొట్లం. మళ్ళీ మడతపెట్టి, రెండు గింజలు కింద పడితే వంగి ఏరి, అందులో వేసి ఇచ్చాడు. నేను పట్టుకోలేకపోతే వాళ్ళే నా జేబుల్లో కుక్కారు. బస్సెక్కారు. కార్డులు టక్ టక్ మని తాకించి లోపలికి వెళ్ళారు. అప్పయ్య కిటికీ పక్కన కూర్చున్నాడు కానీ ఇటు చూడలేదు.

ఇంటికి వచ్చి జేబులు టేబుల్ మీద ఖాళీ చేశాను. గిన్నె తోముతున్న అప్పలమ్మ ఆపి వచ్చింది.

"మకాన్ అయిందా, తిన్నావా? ఇయేటి, వాళ్ళు రాలేదా?"

"వచ్చారు."

"మరి?"

"తిరిగిచ్చేశారు."

ఆమె తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని ఒక పొట్లం ముట్టుకుంది. తీయలేదు.

"అక్షింతలు తిరిగిస్తారా ఎవరైనా?"

"పిలుపు వెనక్కి తీసుకున్నారు."

"ఎలాగ తీసుకుంటారు? పిలిసినాక?"

చెప్పడానికి నాకూ తెలియదు. ఆమె చాలాసేపు ఆ పొట్లాల ముందు కూర్చుంది. పెళ్ళి ఆగిపోతే పెళ్ళివారు కబురు పంపుతారు. పిలిచిన ఇంట్లో చావు వస్తే వెళ్ళరు. అంతేగాని పిలిచిన గింజలు వెనక్కి రావడం ఆమె పుట్టాక చూడలేదు. వాటిని ఏం చెయ్యాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. వండకూడదు. పారెయ్యకూడదు. ఇంకొకరిని పిలవడానికి వాడకూడదు. చివరికి ఐస్‌క్రీం డబ్బా ఒకటి ఖాళీ చేసి అందులో వేసి, దేవుడి పటాల కింద కాకుండా, ఫ్రిజ్ పైన పెట్టింది.

*

కొత్తమాసకి హాలుకి వెళ్ళాను. ఆ ఏడాది పోయినవాళ్ళు నలుగురు. వరుణ్ పిలిచాడు. నలుగురి తాలూకు వాళ్ళూ లేచి ఉన్నాం అన్నారు. అందులో ఒకడు నాతో బేస్‌లో పనిచేసినవాడు. వాడి మనవరాలికి తెలుగు రాదు, ఇక్కడి యాసే. "ఉన్నం లాహ్" అంది. పక్కనవాళ్ళు సరిచేశారు.

తరవాత శ్రమజీవుల కోసం ఒక నిమిషం. అందరం నిలబడ్డాం. క్రాంజీ నుంచి ఎవరూ రాలేదు. వాళ్ళను ఎవరూ పిలవలేదు. నేనూ పిలవలేదు.

ఆ నిమిషంలో నేను అప్పయ్య తరఫున పలుకుదామని అనుకున్నాను. బస్సులో వస్తున్నప్పుడే అనుకున్నాను. గొంతు సవరించుకున్నాను కూడా. వరుణ్ తల దించుకుని నిలబడి ఉన్నాడు. సీతారామారావుగారు వాచీ చూస్తున్నారు. పిలిచిన పేరు ఏదీ లేదు. పలకడానికి మాట ముందు వినపడాలి గదా. నిమిషం అయిపోయింది. కూర్చోమన్నారు, కూర్చున్నాను.

మే నెలలో అప్పయ్య వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఆదివారం వచ్చి తిన్నాడు. ఫ్రిజ్ పైన డబ్బా వైపు చూశాడేమో నాకు తెలియదు. అప్పలమ్మ రెండు సబ్బులు, ఒక పౌడరు డబ్బా, వాళ్ళమ్మకి చీర ఇచ్చింది. తీసుకున్నాడు.

"ఎల్లొస్తాను అత్తా" అన్నాడు. వస్తానన్న మాట నోటికొచ్చి అన్నదే.

యీషున్ శాఖ కూడా తరవాత వాళ్ళ పిలుపు వెనక్కి తీసుకుందని విన్నాను. ఇంకో రెండు శాఖలు కూడా తీసుకున్నాయి. ఇప్పుడు ఎన్ని మిగిలాయో నేను అడగలేదు. శాఖ మీటింగుకి నన్ను ఇప్పటికీ పిలుస్తారు. ఫోను వస్తుంది. కోరం కోసం వెళ్ళి కూర్చుంటాను.

వానాకాలం చెమ్మకి డబ్బాలో పురుగు పట్టింది. ఒక రోజు నేను మార్కెట్ నుంచి వచ్చేసరికి అప్పలమ్మ ఆ డబ్బా కడిగి సింకు పక్కన బోర్లించింది. గింజలు ఏం చేసిందో నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.